కౌన్సిలు లేకున్నను నీళ్లు వచ్చినవట!

గత పక్షమున అశోక్ చౌకు దగ్గర ఒక సాంచెల కార్ఖానా అరుగుమీద మనవారు నలుగురు కూర్చుండి మాటలాడుకొనుచుండిరి. ప్రసంగము మునిసిపల్ ఎన్నికల మీదికి మళ్లినది. వారిలో పెద్దవాడు, చదువుకొన్నవాడు, కులములో నాలుగు మాటలు చెప్పి ఒప్పింపగలవాడు ఇట్లనెను: “నాలుగేండ్లు కార్పొరేటర్లు లేకుంటె ఏం మునిగింది? నీళ్లు రానే వచ్చినయి, చెత్తబండి రానే వచ్చింది. ఉత్తగ లొల్లి తప్పింది.” తక్కిన మువ్వురును తలలూపిరి. నేనును పెద్దరికమునకు వెఱచి ఊరకుంటిని. ఇల్లు చేరిన తరువాత ఆ మౌనము నన్ను బాధింపసాగినది. అక్కడ అనవలసిన మాటను ఇక్కడ వ్రాయుచున్నాను.

ఆ పెద్దమనిషిని నిందించుట నా ఉద్దేశము కాదు. ఆయన అన్నది మన పేఠలలో ఇంటింట వినవచ్చు మాటయే. సాఖర్ పేఠలో వింటిని, భవానీ పేఠలో వింటిని, కన్నా చౌకులో చాయ దుకాణము కడ వింటిని. ఇందరు ఒకే మాట అనుచున్నారనిన అందులో ఎంతో కొంత నిజముండి తీరవలెను. ఉన్నది. కాని అది మనవారు చూపుచున్న చోట లేదు.

ముందు జరిగినదేమో చెప్పుదును. మన మహానగరపాలికలో 26 ప్రభాగములు, 102 స్థానములు కలవు. 2017లో ఎన్నికైన సభకు 2022 మార్చిలో గడువు తీరినది. పురపాలక సభకు అయిదేండ్లే ఆయువనియు, అది తీరకముందే కొత్త ఎన్నిక ముగియవలెననియు రాజ్యాంగములోని 243-యు అధికరణము శాసించుచున్నది. ఎన్నిక జరుగలేదు. వెనుకబడిన తరగతుల రిజర్వేషను తగాదా ఒకవైపు, ప్రభాగముల సరిహద్దుల తగాదా మఱియొకవైపు సుప్రీముకోర్టులో ఏండ్ల తరబడి నలిగినవి. 2025 మే 6న ఆ న్యాయస్థానము ఎన్నికలు జరుపవలసినదని గట్టిగా ఆదేశించిన పిమ్మటనే కదలిక పుట్టినది. తుదకు 2026 జనవరి 15న ఓట్లు పడినవి. ఈ నడుమ మూడు సంవత్సరముల పది మాసములు నగరమునకు ప్రజలెన్నుకొన్న సభయే లేదు. ప్రభుత్వము పంపిన కమిషనరే ప్రశాసకుడుగా సర్వాధికారములు వహించెను. ఇది ఒక్క షోలాపురమునకే పట్టిన గ్రహచారము కాదు. ముంబయి, పుణె మొదలగు నగరములును ఇట్లే నడచినవి. వాడలోని వారందరికి వచ్చిన జ్వరము గనుక మందు అక్కరలేదని ఎవరందురు?

ఇక “ఏమి మునిగినది” అను ప్రశ్నకు వత్తును. మన నగరపాలిక నడచునది 1949 నాటి చట్టము మీద. అప్పుడు దానికి బొంబాయి ప్రాంతీయ మునిసిపల్ కార్పొరేషనుల చట్టమని పేరు. నేడు మహారాష్ట్ర మునిసిపల్ కార్పొరేషనుల చట్టమనుచున్నారు. ఆ చట్టము అధికారమును ఒక్క చేతిలో పెట్టలేదు. ఎన్నికైనవారందరితో కూడిన సాధారణ సభ యొకటి. ఆ సభలోనుండి ఏర్పడు పదునారుగురి స్థాయీ సంఘము రెండవది. ప్రభుత్వము నియమించు కమిషనరు మూడవవాడు. కమిషనరు ఆదాయ వ్యయముల అంచనా తయారుచేయవలెను. స్థాయీ సంఘము దానిని విప్పి చూచి సవరింపవలెను. సాధారణ సభ చర్చించి ఆమోదింపవలెను. ఏ పన్ను ఎంత అనునది ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీలోగా సభయే నిర్ణయింపవలెను. పెద్ద కంట్రాక్టులకు కమిషనరు సంతకము చాలదు, స్థాయీ సంఘపు ఆమోదము కావలెను. ప్రశాసకుని కాలములో ఈ మూడు స్థానములును ఒక్కనివే అయినవి. తాను వ్రాసిన పద్దును తానే పరిశీలించి తానే ఆమోదించుకొనవలెను. మన వృత్తిలో చెప్పవలెననిన, నేసినవాడే కొలిచెను, కొలిచినవాడే ధర కట్టెను, ధర కట్టినవాడే కొనెను. చద్దరు పొడవు సరిగానే ఉన్నదని మనము తలయూపితిమి. ఆ అధికారులు దొడ్డవారే అయి యుండవచ్చును. నా వాదము వారి మీద కాదు. కొలుచునపుడు ప్రక్కన ఇంకొకడు నిలిచియుండవలెనని ఏ నేతగానికి తెలియదు?

కనీసము మూడు బడ్జెట్లు ఇట్లు పోయినవి. ఆ బడ్జెట్లలో మన పేఠల పాఠశాలలకెంత, మోరీలకెంత అని లేచి అడుగుటకు హక్కుగలవాడు ఒక్కడును లేడు. నీళ్లు వచ్చినవి, నిజమే. భీమానదిపై ఉజని ఆనకట్టనుండి నూరు కిలోమీటర్లకు పైబడిన గొట్టముల మార్గమున వచ్చినవి. నాలుగైదు దినములకొకసారి వచ్చు నీటిని తొట్లలో, బిందెలలో, డ్రమ్ములలో పట్టుకొని, అదియే ప్రకృతి ధర్మమన్నట్లు మన ఆడువారు ఏండ్లు గడపిరి. ఇన్ని దినములకొకసారి ఏల అని అడుగుట “లొల్లి” అయినచో ఆ లొల్లి కొఱకే సభ ఏర్పడినది.

లొల్లి అను మాట వచ్చినది గనుక చరిత్ర కొంత తడవవలసియున్నది. షోలాపురపు మునిసిపాలిటీ 1852లో పుట్టినది. 1850 నాటి చట్టము ప్రకారము ఊరివారు కోరిననే ఆ ఊరికి పురపాలనము ఏర్పడెడిది. కోరినవారెవరు? మన తాతముత్తాతలు కారు. నైజాము రాజ్యములోని కరీంనగరము, ఓరుగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గము విప్పుకొని వచ్చిన వారికి అప్పుడు తలదాచుకొన చోటు దొరకుటయే గగనము. ఆ సభలో సర్కారు నియమించినవారే కూర్చుండెడివారు. 1882 మే 18న రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము ప్రకటించెను. 1884లో బొంబాయి శాసనము సభ్యులలో సగమునకు తక్కువకాకుండ ఎన్నికైనవారుండవలెనని విధించెను. ఎన్నుకొనువారు మాత్రము ఆస్తియు పన్నుయు గలవారు. కార్ఖానాలో నేసి, రాత్రి ఆ మగ్గపు గుంట ప్రక్కనే పడుకొను నేతగానికి ఓటెక్కడిది?

తరువాత 1925లో బొంబాయి మునిసిపల్ బరోల చట్టము వచ్చినది. పెద్ద పట్టణములను బరోలని పిలిచి వానికి విశేషాధికారములొసగిరి. షోలాపురము అందులో చేరినది. “బరో” ఆంగ్లదేశపు మాట. పెద్దలు కొందరు నేటికిని మునిసిపాలిటీని “బరో” అనుటను నా చిన్నతనమున వింటిని. ఆ దేశములో బర్మింగుహాము అను పట్టణమున జోసెఫ్ చేంబర్లేన్ 1873 నుండి 1876 వరకు మేయరుగా ఉండి, గ్యాసు కంపెనీలను, నీటి కంపెనీని ఊరిసొత్తుగా చేయించెను. ఒక ఊరి సభ తలచుకొన్నచో ఎంత చేయగలదో లోకమునకు చూపెను. మన దేశములోనును ఆ కాలపు మహానాయకులు పురపాలనమును చిన్నపని యనుకొనలేదు. వల్లభభాయి పటేలు అహమ్మదాబాదు మునిసిపాలిటీకి, జవాహరులాలు అలహాబాదు మునిసిపాలిటీకి అధ్యక్షులైరి. అంతకుముందే, సహాయ నిరాకరణోద్యమ దినములలో అహమ్మదాబాదు, సూరతు, నడియాదు మునిసిపాలిటీలు తమ బడులకు సర్కారు గ్రాంటు వలదని త్రోసిపుచ్చినవి. సర్కారు 1922లో ఆ సభలను రద్దుచేసి తనవారిని కూర్చుండబెట్టినది. ఎన్నికైన సభ మీద అధికారిని పెట్టుట ఎవరి విద్యయో, ఏ కాలపు విద్యయో దీనివలన తెలియుచున్నది.

మన ఊరి మాట మఱింత గర్వింపదగినది. 1930 ఏప్రిల్ 6న షోలాపురపు మునిసిపల్ భవనముపై జాతీయ పతాకము ఎగిరినది. దేశములోని మునిసిపాలిటీలలో ఇట్టి కార్యము చేసినది ఇదియే మొదటిదని చెప్పుకొందుము. ఆ మరుసటి నెలలో కాల్పులు, ఆపై సైనిక శాసనము. 1931 జనవరి 12న ఎరవాడ చెరసాలలో మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుసేను ఉరికంబమెక్కిరి. నలుగురి చౌకులో విగ్రహములకు మనము ప్రతి సంవత్సరము పూలమాలలు వేయుదుము. ఆ జెండా కలెక్టరు కచేరీ మీద ఎగురలేదు, స్టేషను మీద ఎగురలేదు; ఊరి సభ ఇంటి మీద ఎగిరినది. ఆ యింటి తలుపులు నాలుగేండ్లు మూసియున్నను “నీళ్లు వచ్చినవి గదా” అనుచున్నాము. సైనిక శాసనపు దినములలోను కొళాయిలు పూర్తిగా ఎండిపోయి యుండవు. అందుచేత ఆ శాసనము మేలైనదని ఎవరైనను అనిరా?

1964 మే 1న బరో మునిసిపాలిటీ మహానగరపాలిక అయినది. పేరు పెద్దదైనది. ఇంద్రభువన్ వంటి మహాసౌధము కచేరీ అయినది. కాని ఒక మార్పును మనవారు గమనింపలేదు. బరో దినములలో అధ్యక్షుని మాటకు పరిపాలనలో బరువుండెడిది. కొత్త చట్టములో కార్యనిర్వాహకాధికారము కమిషనరుది. మేయరు సభకు అధ్యక్షుడు, నగరమునకు ప్రథమ పౌరుడు. రెండున్నర సంవత్సరముల పదవి, కారు, దండలు. కనుక “అంతయు కమిషనరు చేతిలోనే యున్నది” అని నిట్టూర్చువారి మాటలో సగము నిజము. తక్కిన సగమును వారు మ్రింగివేయుచున్నారు: పన్ను సభది, పద్దు సభది, ప్రశ్న సభది. కమిషనరుకు చేతులున్నవి గాని సంచి సభ దగ్గరనే యున్నది.

ఆ సంచికిని చిల్లులు పడినవి. పూర్వము ఊరిలోనికి వచ్చు సరకు మీద జకాత్ వసూలగుచుండెడిది. నాకాల దగ్గర లారీలు బారులు తీరుట మనవారందరు ఎరుగుదురు. జకాత్ మంచి పన్నని నేననను. అందులో జరిగిన వేధింపును మన వ్యాపారులు అనుభవించియున్నారు. కాని ఆ పైకము ఊరిది. దాని స్థానమున స్థానిక సంస్థల పన్ను వచ్చినది; 2015 ఆగష్టునుండి అదియు పెద్ద వ్యాపారులకు తప్ప తొలగిపోయినది; 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చి దానిని పూర్తిగా తుడిచివేసినది. ఇప్పుడు పరిహారము పేర ప్రభుత్వమిచ్చు సొమ్ము కొఱకు పాలిక నెలనెల ఎదురుచూచుచున్నది. స్మార్టు సిటీ సంగతియు అట్టిదే. 2016 జనవరిలో తొలి ఇరువది నగరములలో షోలాపురము పేరు వచ్చినపుడు పేఠలలో పటాసులు ప్రేలినవి. ఆ సొమ్ము సభకు రాలేదు. దానికొఱకు వేరుగా ఒక కంపెనీ ఏర్పడినది, దానికి డైరెక్టర్లు, దానికి తీర్మానములు. ఊరి వీథిని త్రవ్వునది కంపెనీ, తిట్లు తినునది నగరసేవకుడు. ఈ మార్పులు వచ్చినపుడు మన ప్రతినిధులెవరైనను సభలో లేచి ఇది మన అధికారమును కోయుటయే అనిరా? అని యుండిన ఆ మాట పేఠలవరకు రాలేదు, అడిగి తెలిసికొనవలెనని మనకును తోచలేదు.

మనకు ప్రతినిధులు లేకపోలేదు. గంగాధర కూచన్, ధర్మణ్ణ సాదుల్, లింగరాజు వల్యాల్ లోక్‌సభకు వెళ్లిరి. నరసయ్య ఆడం శాసనసభకు వెళ్లెను. 2019 డిసెంబరులో మేయరుగా ఎన్నికైన శ్రీకాంచన యన్నం మన ఆడపడుచే; ఆమె పదవీకాలముతోనే ఆ సభయు ముగిసినది. పార్టీలు వేరు, పంతములు వేరు. వారి గుణదోషములను తూచుట నా పని కాదు. ఇందరిని గద్దెనెక్కించిన సమాజము అడిగినదేమి అనునదే ప్రశ్న. ఒక కొళాయి, ఒక వీథిదీపము, మోరీపై ఒక బండ, ఉత్సవములకు ఒక మండపము. నారళీ పూర్ణిమకు మార్కండేయ స్వామి రథము కదలకముందు ఆ బాటలోని గుంతలు పూడ్చుడని అడుగుదుము; పూడ్చినచో సంతోషము. మరునాటినుండి మఱల శ్రావణమువరకు మనకు పాలికతో పనిలేదు. ఇది పౌరుడు అడుగు తీరు కాదు, సావుకారి ముందు నిలిచి బాకీ అడుగు కూలివాని తీరు. చట్టములో మన హక్కుగా వ్రాసియున్నదానిని కూడ మనము దయగా అడుగుచున్నాము.

అందులో ముఖ్యమైనదానిని చెప్పెదను. ప్రాథమిక పాఠశాలలను నెలకొల్పి నడపుట పాలికకు ఐచ్ఛికము కాదు. 63వ సెక్షనులోని విధిగా చేయవలసిన పనులలో ఒకటి. వీథులు ఊడ్చుట, మురుగు తీయుట, దీపములు పెట్టుట ఎట్టివో బడి నడపుటయు అట్టిదే. గ్రంథాలయములు, ఉద్యానవనములు మొదలగునవి వేరు సెక్షనులో ఐచ్ఛికములుగా ఉన్నవి. దీనిపై 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము కలదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించుటకు రాష్ట్రము ప్రయత్నింపవలెనని మాత్రమే అది చెప్పలేదు. రాష్ట్రములోని ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెనని చెప్పినది. స్థానిక సంస్థ అనగా నెవరు? ఇంద్రభువన్‌లో కూర్చుండు సభయే. రాజ్యాంగము ఢిల్లీనుండి నేరుగా మన ఊరి సభ వైపు వ్రేలు చూపి మాటలాడిన చోట్లు అరుదు. ఆ అరుదైన చోట మన తెలుగు పిల్లవాని పలక యున్నది.

మన పాలిక మరాఠీ, ఉర్దూ, కన్నడ బడులతోపాటు తెలుగు బడులను నడపుచు వచ్చినది. ఈ విషయములో షోలాపురము అనేక నగరములకంటె మేలు, కృతఘ్నత కూడదు. కాని ఆ బడుల స్థితి యేమి? ఎన్ని తరగతులకు ఒక్కడే గురువున్నాడు? ఖాళీలు ఎన్నాళ్లుగా ఉన్నవి? ఈ ప్రశ్నలకు లెక్కలతో జవాబు రాబట్టు చోటు సభ యొక్కటే. ఆ సభ లేని నాలుగు విద్యాసంవత్సరములలో అయిదేండ్ల పిల్ల తొమ్మిదేండ్లదైనది. ఆమె ప్రాథమిక విద్య దాదాపు ముగిసినది. ఏమి మునిగినదని అడిగిన పెద్దమనిషికి నేను చెప్పదగిన జవాబు ఆ పిల్లయే.

ఇక్కడ మన తప్పును దాచరాదు. 1949లో విద్యామంత్రుల సమావేశము ఒక లెక్క నిర్ణయించినది: బడిలో నలువది మంది గాని, తరగతిలో పదిమంది గాని ఆ భాష పిల్లలుండిన గురువును ఇయ్యవలెను. ఆ లెక్క రెండువైపుల పదునున్న కత్తి. పదిమందిని మనము చూపలేకపోయినచో పాలిక గురువును ఎందుకిచ్చును? ఇంటిలో తెలుగే మాటలాడుచు, పెండ్లిలో తెలుగు పాటలే పాడుచు, పిల్లలను మాత్రము వేలకు వేలు పోసి ఇంగ్లీషు బడికి పంపి, తెలుగు బడి మూతబడినదని సభలలో కన్నీరు కార్చువారిని చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. సభావేదికలెక్కి మాతృభాషను గూర్చి ఉపన్యసించు మన పెద్దలలో తమ మనుమలను తెలుగు బడిలో చేర్చినవారెందరు? చేతులెత్తుడని అడుగుటకు నాకు ధైర్యము చాలుటలేదు. ఎందుకనగా నా చేయియు లేవదు.

మరాఠీ రాష్ట్రములో ఉండి తెలుగు అడుగుట ఏమని కొందరు మనవారే జంకుచున్నారు. జంకనక్కరలేదు. మరాఠీ మనకు పరాయిది కాదు. అంగడిలో, కోర్టులో, మిత్రుల నడుమ మన నోట సహజముగ పలుకునది. మరాఠీ సోదరులు మనలను ఓట్లేసి గెలిపించిరి. చిన్న తరగతులలో తల్లిభాష అడుగుట వారికి విరుద్ధము కాదు, వారి రాష్ట్రము ఒప్పుకొన్న నియమమే. 2009 నాటి విద్యాహక్కు చట్టమును సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధింపవలెననియే చెప్పుచున్నది.

మఱియొక విషయమును గూర్చి మన పేఠలలో చర్చయే లేకుండుట ఆశ్చర్యము. కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీలకొరకు పదివేల ఇండ్ల కాలనీ 2006లో అందినది. గోదూతాయి పరుళేకర్ పేర వెలసినది. ఆ ప్రాంతముననే రే నగర్‌లో మఱి పదునైదువేల ఇండ్లు 2024 జనవరి 19న కార్మికుల చేతికి వచ్చినవి. చిన్న గదిలో ఆకు కత్తిరించి, తంబాకు ధూళిలో జీవితము గడపిన మన తల్లులు, అక్కలు అనేకులు సొంత ఇంటివారైరి. ఇంతకంటె సంతోషము లేదు. కాని ఆ నేల పాలిక హద్దులో లేదు, గ్రామపంచాయతీ పరిధిలోనిది. నిన్నటివరకు పేఠలో ఓటువేసిన ఆడకూతురు నేడు నగరములో పనిచేసి, నగరములో కొని, నగర సభకు మాత్రము ఓటులేనిదైనది. నగరము పెరుగుచున్నది, మన ఓటు తరుగుచున్నది.

హద్దులు మార్చు అధికారము రాష్ట్ర ప్రభుత్వముది. పాలికను సంప్రదించి ప్రకటన వెలువరింపవలెను. సంప్రదించుటకు ఆ నాలుగేండ్లు సభయే లేదు. హద్దు పెంచుటయే పరమౌషధమని నేననుట లేదు. 1992లో హద్దువాఢ్ జరిగి చుట్టుపట్ల గ్రామములు చేరినపుడు నగరము ఎన్నో రెట్లు పెరిగి సుమారు 178 చదరపు కిలోమీటర్లైనది. పన్ను ముందు వచ్చినది, నీరు వెనుక వచ్చినది. అక్కడివారు నేటికిని ఆ మాట చెప్పుదురు. ఇన్ని వేల కుటుంబముల విషయములో పాలిక అభిప్రాయమేమో సభలో చర్చించి తీర్మానింపవలెను. బడి, దవాఖాన, బస్సు ఈ మూడింటిని గూర్చియైనను పంచాయతీతో పొత్తు కుదుర్చుకొనవలెను.

ఇప్పుడు సభ యున్నది. స్థానములలో సగము, అనగా 51, స్త్రీలవి. ప్రతి ప్రభాగములో మన ఓటు అడిగినవారు, పొందినవారు ఉన్నారు. చట్టములో ప్రభాగ సమితులు కలవు. వానిలో నగరసేవకులతోపాటు ప్రజాసంఘములనుండి మువ్వురివరకు తీసికొనవచ్చును. మన సంఘము ఎన్నడైనను ఒక్క పేరైనను పంపినదా? 2009 సవరణతో ఏరియా సభలని కూడ వచ్చినవి. ఓటర్ల జాబితాలోనున్న ప్రతి ఒక్కరును అందు సభ్యులే. కాగితము మీద మీరు, నేను, బీడీలు చుట్టు ఎల్లవ్వ అందరము సభ్యులము. ఆ సభ ఏ వీథిలో కూడినదో చూచినవారుండిన నాకు తెలుపుడు, ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము. కూడకపోయిన, కూడవలెనని వ్రాసి అడుగుట మన పని. ఆ అర్జీ తెలుగులో వ్రాసి మరాఠీ ప్రతి జతచేయుడు. 1956లో కేంద్రము ఒప్పుకొన్న రక్షణలలో, అల్పసంఖ్యాక భాషవారు నూటికి పదునైదుగురికి తక్కువకాకుండనున్న పురపాలక ప్రాంతములలో ముఖ్య ప్రకటనలను ఆ భాషలోను వెలువరించుట యొకటి. పన్ను నోటీసు మరాఠీలో వచ్చుచున్నది, కట్టుచున్నాము. బడిలో చేర్చుకొను ప్రకటనయైనను మన పేఠల గోడలమీద తెలుగులో కనబడవలెను.

దానికంటె ముందు పదిమంది కావలెను. ప్రతి తరగతికి పదిమంది. జూన్ మాసములో బడులు తెరచులోగా పేర్లు చేతిలో ఉండిననే ఫలానా బడికి ఫలానా తరగతికి గురువును ఇయ్యుడని పాలికను నిలదీయవచ్చును. మన సంఘ కార్యాలయమున సాయంకాలము ఆరు గంటల తరువాత ఒక పుస్తకము తెరచియుంచితిమి. పిల్లవాని పేరు, వయస్సు, వీథి, తల్లి సంతకము, అంతే. నా మనుమరాలి పేరు నేను వ్రాసితిని. ఇంటిలో మూడు దినములు వాదము జరిగినది, ఇంకను ముగియలేదు. ఆ అరుగుమీది పెద్దమనిషికి ఇద్దరు మనుమలున్నారని విన్నాను. మా అమ్మాయి పేరు క్రింద రెండు పంక్తులు ఖాళీగా విడిచియుంచినాను.